దున్నపోతు సీసం

శుక్రవారం పొద్దున ఆరున్నరకు జ్యోత్స్న ఫోనులోకి వచ్చిన సంఖ్య రెండు వందల పద్నాలుగు. రావలసింది అయిదో, ఆరో.

పంపింది బెంగుళూరులో ఆమెతో కలిసి పనిచేసే విఘ్నేష్. రెండు రోజుల కింద అతను ఇటుకంత సీసం ముక్కను రేడియేషన్ లెక్కించే యంత్రంలో పెట్టి మూత వేశాడు. లోపల పెట్టిన వస్తువు నుంచి ఏ శక్తితో ఎన్ని కిరణాలు వస్తున్నాయో ఆ యంత్రం ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. వస్తువులో పొటాషియం ఉంటే 1460 అనే అంకె దగ్గర లెక్క పెరుగుతుంది. పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు రెండు రోజులకు అక్కడ పడేవి అయిదు. సీసం ముక్క పెట్టాక రెండు వందల పద్నాలుగు.

ఆదోని మార్కెట్ యార్డు వెనక వీధిలో, ఇంటి మెట్ల మీద కూర్చుని జ్యోత్స్న ఆ అంకెను రెండుసార్లు చదువుకుంది. తండ్రి సీమోను టీ గ్లాసు ఆమె పక్కన పెట్టి ముఖంలోకి చూశాడు.

"ఏమంట పాపా? మన దున్నపోతు పాసా, ఫెయిలా?"

"ఫెయిలంటాంది నాయనా."

"ఎవురు, మిషనా? దున్నపోతు సంగతి దానికేం తెలుసు?"

జ్యోత్స్నకు ఇరవై తొమ్మిదేళ్లు. పుట్టింది ఆదోనిలో. బీఎస్సీ ఎమ్మిగనూరులో, ఎమ్మెస్సీ అనంతపురంలో. పీహెచ్‌డీ చేతికొచ్చి ఏడాదిన్నర అయింది. బెంగుళూరులో ఒక పరిశోధన సంస్థలో మూడేళ్ల కొలువు. అందులో సగం అయిపోయింది. న్యూట్రినోలు అనే కణాలను పట్టే పరికరం తయారుచేస్తున్న ఎనిమిది మందిలో ఆమె అందరికన్నా చిన్నది.

న్యూట్రినోలకు కొరత లేదు. సూర్యుడి నుంచి వచ్చేవే బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకు ఆరున్నర వేల కోట్లు దూరిపోతుంటాయి. మనిషి, గోడ, కొండ ఏదీ వాటికి అడ్డం కాదు. అన్ని కోట్లలో ఎప్పుడో ఒకటి, పరికరంలో ఉండే పిడికెడు స్ఫటికానికి తగిలి చిన్న అలికిడి చేస్తుంది. ఆ అలికిడి వినపడాలంటే చుట్టుపక్కల సద్దు ఉండకూడదు. ఇక్కడ సద్దు అంటే రేడియేషన్. రాతిలో, సిమెంటులో, గాలిలో, మన ఒంట్లో కూడా అది కాస్తో కూస్తో ఉంటుంది. అందుకని స్ఫటికం చుట్టూ సీసంతో గోడ కడతారు. ఆ గోడ కట్టే బాధ్యత జ్యోత్స్నది.

చిక్కు ఏమిటంటే సీసానికి సొంత సద్దు ఉంది. గనిలోంచి తీసి కరిగించిన కొత్త సీసంలో రేడియేషన్ ఇచ్చే సీసం రవ్వంత కలిసే వస్తుంది. సీసంలోంచి సీసాన్ని వేరుచేసే ఉపాయం లేదు. ఇరవై రెండేళ్లకు సగం, మరో ఇరవై రెండేళ్లకు ఆ సగంలో సగం, అలా దానంతట అదే తగ్గాలి. నూరేళ్లు దాటితే ముప్పై వంతుల్లో ఒక వంతు మిగులుతుంది. అలాంటి పాత సీసం కోసం సముద్రంలో మునిగిన ఓడలను వెతికినవాళ్లు ఉన్నారు. ఈ సంగతి మీద బెంగుళూరులో సమావేశం జరుగుతున్నప్పుడు తక్కినవాళ్లు విదేశాల పేర్లు చెబుతుంటే జ్యోత్స్నకు గుర్తొచ్చింది దున్నపోతు.

అది రామసుబ్బయ్య ప్రెస్సింగు మిల్లులో ఉండేది. పత్తిని బేళ్లుగా అదిమే పాత ప్రెస్సు నీటి ఒత్తిడితో నడిచేది. ఆ ఒత్తిడి నిలబెట్టడానికి గదంత ఇనుప తొట్టి నిండా బరువు వేసి పెట్టారు. బేలు బేలుకూ ఆ తొట్టి రొప్పుతూ పైకి లేచేది, బుసకొడుతూ కిందికి దిగేది. కూలీలు దానికి దున్నపోతు అని పేరు పెట్టుకున్నారు. సీమోను ఆ మిల్లులో ఇరవై ఆరేళ్లు బేళ్లు మోసిన హమాలి. మధ్యాహ్నం సద్ది తెచ్చే కూతురికి అతను నేర్పిన మొదటి పాఠం, దున్నపోతు కింద నిలబడొద్దని. దాని కడుపులో ఏముందని ఆ పిల్ల అడిగితే, "సీసం. తెల్లోళ్లు పోసినారంట" అన్నాడు.

సీమోను చెప్పింది నిజమే. మిల్లు మూతపడిన పదకొండేళ్లకు, మొన్న సోమవారం తొట్టి విప్పించి చూస్తే, ఇనుప తుక్కు కింద అడుగున నలభై సీసం దిమ్మెలు. ఒక్కోటి నలభై కిలోలకు తక్కువ లేదు. ప్రతి దిమ్మె మీద ఒక కొసన లోతుగా పడిన అంకెలు: 1911.

కానీ ఆలస్యమైంది. రామసుబ్బయ్య మిల్లు స్థలాన్ని ప్లాట్లకు ఇచ్చేశారు, యంత్రాలను పాతసామాను వ్యాపారికి మాట్లాడేశారు. వచ్చే సోమవారం లారీ వస్తుంది. ఈ సీసం ఒకసారి ఆ లారీ ఎక్కితే పాత బ్యాటరీల సీసంతో కలిపి కరిగించేస్తారు. నూరేళ్లుగా ఆరిన సీసం ఒక్క పూటలో మళ్లీ కొత్తదైపోతుంది. దాన్ని ఆపాలంటే మంచి సీసమని రుజువు కావాలి. రుజువు కోసం పంపిన ముక్కలో సీసం సొంత సద్దు ఆరిపోయింది గానీ, అందులో ఉండకూడని పొటాషియం, అదీ రేడియేషన్ ఇచ్చేదే, తెచ్చిన అంకె రెండు వందల పద్నాలుగు. గోడ లేకపోతే పరికరం లేదు. పరికరం లేకపోతే మిగిలిన ఏడాదిన్నర జ్యోత్స్న చేయడానికి పని లేదు.

టీ తాగకుండానే లేచింది.

రామసుబ్బయ్యకు పత్తి, ధాన్యం వ్యాపారం. ఏడున్నరకే కొట్లో ఉన్నారు. పత్తి కుక్కిన పెద్ద గోనెసంచి బోరెంలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి తేమ చూస్తున్నారు. నాలుగు రోజుల కింద ఆమె సీసం కథ ఆయనకు తేమ లెక్కలోనే చెప్పింది. కొత్త పత్తికి తేమ ఉన్నట్టే కొత్త సీసానికీ ఉంటుంది, ఆరడానికి వందేళ్లు పడుతుంది అని.

"రా పాపా. ఎంతొచ్చింది మన సీసం తేమ?"

"తేమ లేదు సావుకారూ, బాగా ఆరింది. కానీ ఇంకోటి కనపడతాంది. అది యాడ్నుంచి వచ్చిందో తెలీలే."

"అంటే పత్తి ఆరినాది గానీ, బోరెంలో రాయి ఉందంటావు."

"అట్లాంటిదే. ఆ రాయి లోపలుందో, పైన అంటుకోనుందో తెలీదు."

ఆయన బోరెంలోంచి చెయ్యి తీసి, అంటిన దూది దులుపుకుంటూ నవ్వారు. "నలభై ఏండ్లుగా ఈ మాట నేను రైతులకు సెప్తాండా. ఇప్పుడు నువ్వొచ్చి నాకు సెప్తాండావు. సరే, బాగుందని సెప్పేస్తే పోయేదేముంది? నీ మాట కాదంటానా?"

"తెలీంది బాగుందని యెట్ల సెప్పేది సావుకారూ?"

రామసుబ్బయ్య బోరెం మూతి ముడేశారు. తర్వాత లెక్క తేల్చినట్టు చెప్పారు. "లారీవానికి మాటిచ్చినాను. సోమవారం సీసం అన్నిటికన్నా కడాకు ఎత్తమంటా. మధ్యాన్నం పన్నెండు దాకా. పన్నెండు దాటితే అన్నిట్తో బాటు అదీ పోతాది. ఆమీద నన్నేమీ అనొద్దు."

ఆమె తలూపి వెనక్కి తిరిగింది. గుమ్మం పక్కన కాటా ఉంది. కాటా ఇనుప కమ్మీ మీద మూడు విభూతి చారలు. దాని పక్కగా పోతుంటే చేతికి అంటిన బూడిదను అలవాటుగా చున్నీకి తుడుచుకుని రెండడుగులు వేసింది.

అక్కడే ఆగిపోయింది.

మొన్న సోమవారం దిమ్మె కొసను రంపంతో కోసింది సీమోను. 1911 అని ఉన్న కొస కావాలని అడిగింది జ్యోత్స్న, కొనడానికి ఒప్పుకోవలసిన సంస్థ కమిటీవాళ్లకు తేదీ కనపడితే బాగుంటుందని. చేతులకు గ్లవ్సు తొడుక్కుని ముక్కను అందుకుంది. అప్పుడు హులిగెమ్మ వచ్చింది.

హులిగెమ్మకు డెబ్బై దగ్గర. పడుచుతనంలో ఆ మిల్లులో పత్తి ఏరే పనికి చేరింది. మిల్లు ఆగినా ఆమె ఆగలేదు, రోజూ వచ్చి వాకిలి ఊడ్చిపోతుంది. ప్రతి శుక్రవారం, ప్రతి అమావాస్య దున్నపోతుకు విభూతి పూసేది. ఇన్నేళ్లలో అది ఒక్క మనిషి మీద కూడా పడలేదంటే తన చలవేనని ఆమె నమ్మకం. ఆ రోజు ముక్కను చూసి, "ఊరిడిసి పోతాంది, పాపం" అంటూ డబ్బా తెరిచి మూడు వేళ్లతో దట్టంగా పూసింది. జ్యోత్స్న చూసింది, నవ్వింది. చున్నీ కొసతో పైపైన తుడిచి సంచిలో వేసి మూతి కట్టింది.

ముక్కను ఒట్టిచేత్తో తాకకూడదు, దుమ్ములో పెట్టకూడదు అని సంస్థలో కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది ఆమే. బెంగుళూరులో ఎవరైనా ఆ ముక్క మీద చిటికెడు పౌడరు చల్లి ఉంటే కేక వేసేది. కానీ విభూతి ఆమె కంటికి దుమ్ము కాదు. చిన్నప్పటి నుంచి ఆ మిల్లులో చూసిన ప్రతి యంత్రానికీ అది ఉంది. ఇంట్లో వాళ్లది యేసు ప్రార్థన. అయినా మిల్లు ఇనుము అంటే మూడు తెల్ల చారలతోనే ఆమెకు తెలుసు. చెట్టుకు బెరడు ఎందుకని ఎవరూ అడగనట్టు, ఆమె ఆ చారలను అడగలేదు.

కాల్చిన బూడిదలో పొటాషియం ఉంటుందని ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు. లోతుగా పడిన నాలుగు అంకెల సందుల్లో ఒక గ్రాము బూడిద ఇరుక్కున్నా రెండు వందల లెక్క వస్తుంది.

అంగట్లో విభూతి ప్యాకెట్టు కొని ఎనిమిదింపావు బస్సుకు ఎమ్మిగనూరు బయల్దేరింది. అక్కడ ఆమెకు బీఎస్సీలో ఫిజిక్సు చెప్పిన శివశంకర్ సారు దగ్గర పిల్లల ప్రాక్టికల్సుకు వాడే చిన్న రేడియేషన్ యంత్రం ఉంది. బెంగుళూరుదానంత సున్నితమైనది కాదు. కానీ ప్యాకెట్టు మొత్తం పెడితే పొటాషియం ఉందో లేదో చెప్పగలదు.

రెండు గంటలు లెక్క పెట్టారు. ప్యాకెట్టు పెట్టకముందు తెర మీద గీత ఎలా ఉందో, పెట్టాక కూడా అలాగే ఉంది.

"ఏమీ లేదమ్మా," అన్నారు శివశంకర్, కళ్లజోడు నుదుటి మీదికి తోసి. "బోర్డు మీద రాసే సుద్దముక్క పెట్టినా ఇంతే."

జ్యోత్స్న బల్ల అంచున కూర్చుంది. విభూతిలో లేదంటే సీసంలోనే ఉన్నట్టు. నూట పదిహేనేళ్ల కింద పోసినవాళ్లు కొలిమి బూడిదను కూడా కలిపి పోసి ఉంటారు. తమ బృందానికి పెద్ద అయిన ప్రియదర్శినికి మెసేజి రాసింది: సీసం పనికిరాదు మేడం. పంపలేదు. ముందు నాయనకు చెప్పాలనిపించి ఫోను చేసింది. సీమోను మిల్లులోనే ఉన్నాడు, దిమ్మెలు పైకి తీయిస్తూ.

"విభూతిలో ఏం లేదు నాయనా. సీసంలోనే ఉన్నట్టుంది."

"యే విభూతి సూసినావు?"

"అంగట్లో ప్యాకెట్టు కొన్నా."

అవతల నుంచి ఇంకో గొంతు ఫోను మీదికి దూకింది. "ఏంది? అంగడి విభూతా? ఆ తెల్లరాయి పొడినా? దున్నపోతుకు అది పూస్తానని ఎవురు సెప్పినారు నీకు? నా ఇంటి ఆవు పేడ, నా సేత్తో తట్టిన పిడకలు, నా పొయ్యిలో కాల్సిన బూడిద! సీమోనూ, నీ బిడ్డకు ఇంత సదువు సెప్పించి ఇదా నేర్పినావు?"

జ్యోత్స్న బల్ల దిగింది. "నాయనా, అవ్వ డబ్బా తీసుకోని బస్సెక్కు. ఇప్పుడే."

"డబ్బా ఇయ్యదంట. తానే వస్తాదంట."

రెండు దాటాక ఇద్దరూ దిగారు. హులిగెమ్మ పాత పాలపొడి డబ్బాను కొంగులో కట్టుకుని బస్సంతా ఒళ్లోనే పెట్టుకుని వచ్చింది. ప్రయోగశాలలో యంత్రం చుట్టూ పేర్చిన చిన్న సీసపు ఇటుకలు చూసి, "ఈడ గూడా దున్నపోతు ఉందే, దూడ," అంది. డబ్బా లోపల పెట్టాక తలుపు దగ్గర చెప్పులు విడిచి, బల్ల ముందు నిలబడింది.

అరగంటకు 1460 దగ్గర గీత కొద్దిగా ఉబ్బింది. గంటకు గుట్ట అయింది. రెండు గంటలకు ఎవరూ కాదనలేని గుట్ట.

"దేవరగట్టు కొండ మాదిరి లేస్తాందే," అంది హులిగెమ్మ.

"ఇది నీ విభూతే అవ్వా."

"నాది గాకుంటే ఎవురిది?"

సీమోను మెల్లగా అన్నాడు. "అంటే తప్పు అవ్వది."

"నాది నాయనా. అవ్వ పూసింది. నేను సూసినాను."

"తప్పేముందప్పా ఇందులో?" హులిగెమ్మ ఇద్దరినీ కసిరింది. "నా విభూతికి పవరుందని మిషనే సెప్తాంది గదా."

"అరటిపండులో గూడా ఉంటాదవ్వా ఇది."

"అరటిపండు గూడా దేవునికి పెట్టేదే గదమే."

శివశంకర్ సారు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగారు. జ్యోత్స్న పొద్దుటి మెసేజి తుడిపేసి ప్రియదర్శినికి ఫోను చేసి, జరిగినదంతా తన పొరపాటుతో సహా చెప్పింది. ప్రియదర్శిని మధ్యలో అడ్డం రాలేదు, చివర ఒక్క మాట అన్నారు.

"బూడిదలో ఉందని తేలింది. సీసంలో లేదని తేలలేదు."

"అవును మేడం. అంకెలున్న ముఖాన్ని కోసి తీసెయ్యమని విఘ్నేష్‌కు చెబుతాను. మిగిలిన ముక్కను ఆసిడ్‌తో కడిగి మళ్లీ లెక్క పెట్టాలి."

"ఆ తేదీ కోసమే కదా ఆ కొస కోయించావు?"

"తేదీ ఫోటోలో ఉంది. సీసంలో ఏముందో ఫోటో చెప్పదు కదా మేడం."

విఘ్నేష్ 1911ను కోసి పక్కన పెట్టాడు. కడిగి ఆరబెట్టి శుక్రవారం రాత్రి ఎనిమిదికి మూత వేశాడు. సోమవారం పొద్దున ఎనిమిదికి అరవై గంటలు.

శని, ఆదివారాలు జ్యోత్స్న ఒక్కసారి కూడా ఎంతయిందని అడగలేదు. మధ్యలో చూస్తే మనకు కావలసిన చోట లెక్క ఆపబుద్ధి వేస్తుందని వాళ్ల బృందంలో ఒక కట్టుబాటు. ఆదివారం చర్చిలో పక్కన కూర్చున్న తల్లి, ఆమె చేతిలోంచి ఫోను తీసి తన సంచిలో వేసుకుంది.

"నీకు అన్నం ఉడికిందా లేదాని పదిసార్లు మూత తీసే బుద్ధి," అన్నాడు సీమోను ఇంటికి పోతూ భార్యతో. "ఇది నీ కూతురు కాదులే."

సోమవారం తొమ్మిదికి లారీ వచ్చింది. గ్యాసు మంటతో దున్నపోతు ఇనుప తొట్టిని నాలుగు ముక్కలు చేశారు. సీమోను మరో ముగ్గురు హమాలీలతో దిమ్మెలను గోడ వారగా పేర్పించాడు. పాతసామాను వ్యాపారి రెండుసార్లు వచ్చి వాటిని కాలితో తట్టి చూసి పోయాడు. పది దాటింది. రామసుబ్బయ్య కుర్చీ వేయించుకుని వాచీ చేతిలో పట్టుకుని కూర్చున్నారు. సీసం వైపు గానీ, జ్యోత్స్న వైపు గానీ చూడలేదు.

పది నలభైకి ఫోను మోగింది. విఘ్నేష్ లెక్కను మూడుసార్లు సరిచూసుకుని పంపాడు. సీసం ముక్కతో, అరవై గంటలకు, 1460 దగ్గర: ఆరు. ఖాళీ పెట్టెతో, అరవై గంటలకు: ఏడు.

ఆమె కుర్చీ దగ్గరికి నడిచింది.

"రాయి యాడుంది పాపా?"

"పైనే అంటుకోనింది సావుకారూ. లోపల ఏం లేదు."

"ఖాయంగా సెప్తాండావా?"

"ఖాయంగా."

రామసుబ్బయ్య వాచీ జేబులో వేసుకుని లేచారు. వ్యాపారితో, "సీసం మన బేరంలోంచి తీసేయప్పా," అన్నారు. అతను ఏదో అనబోయాడు. "నేను పన్నెండన్నాను. పదకొండు గూడా కాలే," అని గోడౌన్ తాళం చెవి సీమోను చేతిలో పెట్టారు.

దిమ్మెలు తోపుడు బండి మీద ఒక్కొక్కటిగా గోడౌన్‌కు కదిలాయి. మొదటి బండి గుమ్మం చేరేసరికి హులిగెమ్మ కొంగుముడి విప్పుతూ ఎదురొచ్చింది. మూడు వేళ్లు డబ్బాలోకి దిగాయి.

"అవ్వా, ఆగు!" తండ్రీ కూతురూ ఒక్కసారే అరిచారు. బండి తోసేవాళ్లు కూడా నిలబడిపోయారు.

"ఎందుకట్ల అరుస్తారు? నాకు తెలీదా?" హులిగెమ్మ దిమ్మెను చుట్టి పోయి, గోడౌన్ తలుపు చెక్కకు మూడు చారలు గీసింది. తర్వాత చేతులు కడుక్కుంది, అడగకుండానే.

సంస్థ లారీ బేస్తవారం వస్తుంది. సరుకు ఎక్కించేవాళ్ల కోసం రాసిపెట్టిన సూచనల కాగితంలో జ్యోత్స్న ఆ సాయంత్రం ఒక వరుస కొత్తగా చేర్చింది: విభూతి, పసుపు, కుంకుమ లారీకి పూయవచ్చు, సీసానికి పూయరాదు. దాని కింద సరుకు వివరం రాసింది. నిండు దిమ్మెలు, ముప్పై తొమ్మిది. కొస కోసిన దిమ్మె, ఒకటి.